ఆకరగ్రంథ వినియోగము : ప్రాచ్యవిద్యాబోధనమున నొక లోపము

‘ఆకరము’ అను పదమునకు గని యని యర్థము. నిఘంటువులు, విజ్ఞానసర్వస్వములు, సాహిత్యచరిత్రలు, లిఖితగ్రంథసూచికలు మొదలగువానిని ఆకరగ్రంథములని పెద్దలు వ్యవహరించుట మిక్కిలి సార్థకము. గనిలో లోహము శుద్ధరూపమున లభింపదు. మట్టితోను రాతితోను కలసియుండును. త్రవ్వువానికి నేల గుణము తెలియవలెను. త్రవ్వు పద్ధతి తెలియవలెను. దొరకినదానిని పరీక్షించు నేర్పు కావలెను. ప్రాచ్యకళాశాలల గ్రంథాలయములలో నిట్టి గనులకు కొదువ లేదు. త్రవ్వు నేర్పును బోధించు నేర్పాటు మాత్రము లేదు. ఈ లోపము చిన్నదిగా కనబడును గాని, పరిశోధనస్థాయికి వచ్చునప్పటికి దీని ఫలితములు పెద్దవగుచున్నవి.

భాషాప్రవీణ తరగతులలో వ్యాకరణము, ఛందస్సు, అలంకారశాస్త్రము, కావ్యములు, సాహిత్యచరిత్ర శ్రద్ధతో బోధింపబడుచున్నవి. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమును సూత్రసూత్రముగా వల్లించిన విద్యార్థులు నేటికిని కలరు. అట్టి విద్యార్థికి శబ్దరత్నాకరము నిచ్చి, అందలి ‘వై. వి.’, ‘దే. వి.’ మొదలగు సంకేతముల భావమేమని యడిగినచో తడబడుట తరచుగా కానవచ్చును. తత్సమ తద్భవ దేశ్య విభాగమును వ్యాకరణమున చదివినవాడే నిఘంటువున అదే విభాగమును గుర్తింపలేకున్నాడు. కారణము స్పష్టము. నిఘంటువు పీఠికను, సంకేతపట్టికను చదువవలసిన పాఠ్యభాగముగా నెవ్వరును చూపలేదు. పరీక్షకు ప్రశ్నోత్తరసంగ్రహములు చాలుచుండగా, ఆకరగ్రంథమును తెఱచు నవసరమే యాతనికి కలుగుట లేదు.

ఆకరగ్రంథ వినియోగమున తొలిపాఠము ఉద్దేశపరిజ్ఞానము. ప్రతి గ్రంథమును ఒక కాలమున, ఒక ప్రయోజనమునకై, కొన్ని యాధారములపై నిర్మింపబడినది. ఆ మూడింటి నెఱుగక దానిని ప్రశ్నించుట, వైద్యుని వద్దకు పోయి ముహూర్తమడుగుట వంటిది. అమరకోశము పర్యాయపదములను, లింగములను ధారణకు తెచ్చుకొనుటకు రచింపబడినది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము, కస్తూరి రంగకవి సాంబనిఘంటువు ఆ మార్గమున తెలుగు పదములకై పుట్టినవి. ఇవి కంఠస్థములై కవికి పదసంపదను సమకూర్చును. వీనియందు ప్రయోగములను, ప్రయోగకాలమును వెదకుట న్యాయము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున మామిడి వెంకయ్య ఆంధ్రదీపికతో అకారాదిక్రమము తెలుగు నిఘంటువులలో స్థిరపడజొచ్చినది. 1821లో క్యాంబెల్, 1852లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ఆ క్రమముననే తమ కోశములను ప్రకటించిరి. క్రమ మొక్కటియే యైనను ఉద్దేశములు వేఱు.

బ్రౌన్ దొర కావ్యములతోపాటు వాడుకమాటను, కచ్చేరీ భాషను కూడ గ్రహించెను. తెలుగు నేర్చుకొను పరభాషీయు డాయన యెదుట నున్న పాఠకుడు. సీతారామాచార్యుల శబ్దరత్నాకరము ప్రధానముగా కావ్యభాషకు కట్టుబడినది. శబ్దస్వరూపనిర్ణయము, సాధుత్వవిచారము, కవిప్రయోగము దానికి ప్రాణములు. ఈ రెండింటిని ఒక దానికొకటి ప్రత్యామ్నాయములుగా భావించుట పొరపాటు. ప్రబంధములోని సమాసమును విడదీయగోరువానికి శబ్దరత్నాకరము శరణ్యము. మెకంజీ దొర సేకరింపజేసిన గ్రామకైఫీయతులను చదువు విద్యార్థికి అందలి పారసీకారబ్బీ పదములు, పన్నులకును భూమికొలతలకును సంబంధించిన మాటలు అర్థము కావలెనన్నచో కావ్యనిఘంటువు వలన ప్రయోజనము స్వల్పము. బ్రౌన్ దొర 1854లో వేఱుగ ప్రకటించిన మిశ్రభాషానిఘంటువు అచ్చట నక్కఱకు వచ్చును. ఆ గ్రంథము నామమైనను వినని పరిశోధకుడు కైఫీయతులపై సిద్ధాంతవ్యాసమునకు పూనుకొనుట శోచనీయము.

శ్రీసూర్యరాయాంధ్రనిఘంటువు తెలుగువారి నిఘంటునిర్మాణకృషికి మకుటాయమానము. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు, పిఠాపురాధీశుని పోషణమున, జయంతి రామయ్య పంతులుగారి యాధిపత్యమున ఈ మహాకార్యమునకు పూనుకొన్నది. మొదటి సంపుటము 1936లో వెలువడినది. 1941లో దివంగతులైన పంతులుగారు దాని సమాప్తిని చూడలేదు. ఎనిమిది సంపుటముల ఆ గ్రంథమును పరిషత్తు భాషావిషయమున నవలంబించిన పక్షమును విస్మరించి చదువరాదు. గ్రాంథికభాషాపరిరక్షణము పరిషత్తు స్థాపనకు ముఖ్యహేతువులలో నొకటి. కావున వాఙ్మయమున నెక్కని వ్యవహారపదము, వృత్తిపదము అందు కానరాకపోయిన యెడల ఆ పదము తెలుగున లేదని గాని, అర్వాచీనమని గాని నిర్ణయించుట తగదు. రైతు నోటను, సాలెవాని మగ్గముకడను శతాబ్దములుగా జీవించిన పదము గ్రంథస్థము కాకపోవచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయపదములను, 1971లో చేనేతపదములను మాండలిక వృత్తిపదకోశములుగా ప్రకటించుటకు ఈ కొఱతయే ప్రేరకము. ప్రాచ్యకళాశాలలలో సూర్యరాయాంధ్రమునకు గల గౌరవములో పదవవంతైనను ఈ వృత్తిపదకోశములకు లేదు. కావ్యములలోని వ్యవసాయవర్ణనలను వ్యాఖ్యానించువారికి సయితము ఇవి యుపకరించునని గుర్తించిన బోధకు లరుదు.

రెండవపాఠము ముద్రణపరిజ్ఞానము. ఒకే పేరుతో నున్న గ్రంథము రెండు కాలములలో రెండు గ్రంథములు కావచ్చును. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడగా, దానిని పండితులు సంస్కరించి 1903లో మరల ప్రకటించిరి. బ్రౌన్ దొర 1884లోనే గతించెను. కావున 1903 నాటి ప్రతిని చూచి, ‘బ్రౌన్ కాలమున ఈ పద మీ యర్థమున వాడుకలో నుండెను’ అని వ్రాయుట ప్రమాదకరము. ఆ యర్థము బ్రౌన్ దొర చేర్చినదో, సంస్కర్తలు చేర్చినదో తొలిముద్రణముతో పోల్చిననే తెలియును. సంస్కృతమునను ఇదే గతి. మోనియర్ విలియమ్స్ కోశము 1872లో మొదట వెలువడినది. 1899 నాటి ముద్రణము దానికి విస్తృతసంస్కరణము. ఆప్టే పండితుని కోశము 1890లో ప్రకటితము. 1957–59 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన పరివర్ధితముద్రణమున ఆయన తరువాతివారి కృషి చాల కలదు. సిద్ధాంతవ్యాసములలో ‘ఆప్టే ఇట్లు చెప్పెను’ అని మాత్రము వ్రాసి, ఏ ముద్రణమో చెప్పకుండుట పరిపాటియైనది. పునర్ముద్రణము చేయు ప్రకాశకులును దోషులే. తొలిముద్రణసంవత్సరమును తొలగించి, క్రొత్త సంవత్సరమును మాత్రమే ముఖపత్రమున నచ్చొత్తించుటచే శతవర్షములనాటి యభిప్రాయము నిన్నమొన్నటిదిగా భాసించుచున్నది.

మూడవపాఠము క్రమపరిజ్ఞానము. గ్రంథమున పదమున్నను, అది యెచ్చట నుండునో తెలియనివానికి లేనట్లే. ‘అనుగచ్ఛతి’ అను క్రియకు అర్థము వెదకు విద్యార్థి కొన్ని కోశములలో గమ్ ధాతువు క్రింద చూడవలెను; మోనియర్ విలియమ్స్ కోశమున ఉపసర్గపూర్వకముగా అనుశబ్దము నొద్ద చూడవలెను. ఈ చిన్నభేద మెఱుగక ‘కోశమున లేదు’ అని మూసివేయువారు పలువురు. తెలుగున అరసున్న, శకటరేఫముల వలన ఇట్టి చిక్కులే కలుగును. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. ‘వాఁడి’ తీక్ష్ణత్వము; ‘వాడి’ యనునది వాడు ధాతువునకు క్త్వార్థకరూపము. ‘ఏఱు’ నది, ‘ఏరు’ నాగలి, ఏరువాకలోని మొదటి పదమిదియే. నేటి ముద్రణములలో అరసున్నయు శకటరేఫమును లుప్తములగుటచే చదువరి కంటికి ఈ జంటలు ఏకరూపములై తోచును. ప్రాచీననిఘంటువు మాత్రము వానిని వేఱుగనే యుంచును. ఈ భేదమును చూపి బోధింపనిచో ప్రాచీనకావ్యమున నదిని నాగలిగా, నాగలిని నదిగా గ్రహించు వ్యాఖ్యాతలు తయారగుదురు.

విజ్ఞానసర్వస్వముల చరిత్ర మఱియొక పాఠమును నేర్పుచున్నది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు అకారాదిక్రమమున ఆంధ్రవిజ్ఞానసర్వస్వమున కుపక్రమించి, 1923లో అకాలమరణము నొందునాటికి మూడు సంపుటములను ప్రకటించిరి. అవి అకారమును దాటలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ కార్యమును మరల తలకెత్తుకొనిరి గాని 1938లో వారును దివంగతులైరి. స్వాతంత్ర్యానంతరము తెలుగు భాషాసమితి విషయానుక్రమము నవలంబించి, ఒక్కొక్క శాస్త్రమున కొక్కొక్క సంపుటముగా ప్రకటించినది. ఏ సంపుటము వెలువడిన నది తనంత తాను సంపూర్ణముగా నుండుట ఈ పద్ధతిలోని సుగుణము. సంగ్రహాంధ్రవిజ్ఞానకోశకర్తలు పరిమితిని ముందే విధించుకొని అకారాదిక్రమముననే ఎనిమిది సంపుటములలో పని ముగించిరి. పుణెలోని డక్కన్ కళాశాలలో 1948లో ప్రారంభమైన సంస్కృత బృహత్కోశము నందు తొలిభాగము 1976లో వెలువడగా, 2020 వ సంవత్సరము నాటికిని అకారాదిపదములే నడచుచున్నవి. కొలది కాలమున కొంత ఫలమా, దీర్ఘకాలమున సమగ్రఫలమా యను ప్రశ్న ప్రతి కోశకర్తకును ఎదురైనది. లక్ష్మణరావుగారి మూడు సంపుటములను అసంపూర్ణములని ప్రక్కకు నెట్టుట యవివేకము. అకారముతో నారంభమగు విషయములపై అందున్న వ్యాసములు, శాస్త్రవిషయములను తెలుగున చెప్పుటకు ఆనాటివారు చేసిన ప్రయత్నమునకు ప్రత్యక్షసాక్ష్యములు. అందలి విషయము పాతబడియుండవచ్చును. పరిభాషానిర్మాణము నేటికిని పరిశీలనార్హము.

సాహిత్యచరిత్రల విషయమున కాలపరిజ్ఞానము మఱింత ముఖ్యము. మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలుగులోనికి తెచ్చి, ఆ కవి నన్నయకంటె ప్రాచీనుడని వాదించిరి. ఆ వాదము గొప్ప వివాదమునకు తావిచ్చినది. పండితులలో ననేకులు దాని నంగీకరింపలేదు. 1909కి పూర్వము ముద్రితమైన సాహిత్యచరిత్రలో నన్నెచోడుని కావ్యప్రసక్తి లేకపోవుట గ్రంథకర్త దోషము కాదు. ఆ పిమ్మట వెలువడిన గ్రంథములలో నాయన కాల మొక్కొక్కచోట నొక్కొక్కరీతిగా నుండుటకు కారణము ఆ వివాదమే. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఆంధ్రకవుల చరిత్రము, చాగంటి శేషయ్యగారి ఆంధ్రకవితరంగిణి, ఆరుద్రగారి సమగ్రాంధ్రసాహిత్యము ఈ మూడింటిని ఒకే బల్లపై పఱచి, ఒక కవిని గూర్చి మూడింటను చదివించినచో విద్యార్థికి తెలియునది కవికాలము మాత్రమే కాదు. శాసనమెట్లు సాక్ష్యమగునో, అవతారికలోని మాటను ఎంతవఱకు నమ్మవచ్చునో, లోకప్రసిద్ధమైన కథకు చరిత్రలో స్థానమెంతయో అతనికి తెలియును. ఒకే గ్రంథమును చదివినవానికి తీర్పు మాత్రమే తెలియును. మూడింటిని చదివినవానికి వాదప్రతివాదములు తెలియును.

లిఖితగ్రంథసూచికల సంగతి యింకను దయనీయము. 1891–1903 సంవత్సరముల నడుమ ఔఫ్రెక్ట్ పండితుడు మూడు భాగములుగా ప్రకటించిన సూచీమహాగ్రంథమును, దానికి పిమ్మట మద్రాసు విశ్వవిద్యాలయము 1949 నుండి ప్రకటింప నారంభించిన నవీనసూచీగ్రంథమును చూడకయే, ‘ఈ గ్రంథము అముద్రితము, అలభ్యము’ అని తీర్మానించువారు కలరు. మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖితగ్రంథాలయ సూచికలను పరిశీలించిన యెడల అలభ్యమనుకొన్న గ్రంథమునకు వ్రాతప్రతి కనబడవచ్చును. లేదని చెప్పుటకు ముందు వెదకవలసిన చోట్లన్నియు వెదకుట పరిశోధకుని కనీసధర్మము.

ఈ బోధన మనవసరమని వాదించువారు రెండు తెగలుగా నున్నారు. పూర్వపండితులకు కోశములు నోటనే యుండెడివి, పుస్తకము తెఱచుట పాండిత్యలోపమునకు గుర్తు అని మొదటివారి మతము. ధారణ గొప్పది, దానిని తక్కువ చేయు నుద్దేశ మెవ్వరికిని ఉండరాదు. అమరము నోటికి వచ్చిన విద్యార్థి సంస్కృతకావ్యమును చదువు తీరు, రానివాడు చదువు తీరు బోధకు లందఱును ఎఱిగినదే. కాని ఆ పండితులే అమరమునకు గురుబాలప్రబోధిక వంటి వ్యాఖ్యలను చదివిరి, పాఠాంతరములను పోల్చిరి, సందేహము కలిగినప్పుడు గ్రంథాంతరములను చూచిరి. ధారణకు పరిశీలనము తోడైనప్పుడే అది పాండిత్యమైనది. ధారణయు లేక, పరిశీలనయు లేక, పూర్వుల పేరు మాత్రము చెప్పుకొనుట శోభింపదు.

రెండవవారు నవీనులు. నేడు నిఘంటువులు గణకయంత్రములలోనికి వచ్చినవి, పదమును టైపు చేసినంతనే యర్థము వచ్చును, ఇంక నేర్చుకొనవలసిన దేమున్నది యని వారందురు. ఆంధ్రభారతి వంటి జాలస్థలములలో శబ్దరత్నాకరము, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్రము మొదలగునవి యొక్కచోట వెదకుట కనువుగా లభించుట మహోపకారము. మాఱుమూల కళాశాలలోని విద్యార్థికి సయితము ఒకనాడు పెద్దనగరములలోని గ్రంథాలయములందే దొరకు సంపద అందుబాటులోనికి వచ్చినది. అయినను యంత్రము అడిగినదానికే బదులిచ్చును. సంధి విడదీయక పద్యపాదమును వేసినచో ఫలితము శూన్యము. ధాతువును గుర్తింపనివాడు క్రియారూపమును వేసి నిరాశ చెందును. అరసున్న భేదమెఱుగనివాడు తప్పుపదమున కొప్పుకొనును. పలు నిఘంటువుల యర్థము లొక్క తెఱపై నొకదానిక్రింద నొకటిగా కనబడునప్పుడు, వేఱువేఱు కాలముల యభిప్రాయములు సమకాలికములుగా తోచును. మొదట కనబడినదానిని గ్రహించుట సులభమగును. కావున యంత్రసౌకర్యము పెరిగినకొలది సంధివిభాగము, ధాతుజ్ఞానము, గ్రంథకాలజ్ఞానము తప్పనిసరి యగుచున్నవి. ఇవి ప్రాచ్యకళాశాలల సొమ్ము. ఈ విద్య కాలము చెల్లినదని పెదవి విఱచువారికి ఇదియే తగిన సమాధానము. ఆ సమాధానమును చెప్పవలసిన కళాశాలలే ఆకరగ్రంథబోధన నుపేక్షించుట విచారకరము.

చేయవలసిన పనులు వ్యయసాధ్యములు కావు. మొదటి సంవత్సరమున వారమున కొక గంట ఆకరగ్రంథపరిచయమునకు కేటాయింపవచ్చును. ఉపన్యాసము కంటె అభ్యాస మందు ప్రధానముగా నుండవలెను. ఒక పద్యము నిచ్చి, అందలి ఐదు పదములను మూడు నిఘంటువులలో చూచి, భేదములను వ్రాసి తెమ్మనుట మంచి యభ్యాసము. సంవత్సరాంతపరీక్షలో ఒక భాగమును గ్రంథములు దగ్గఱ నుంచుకొనియే వ్రాయునట్లు నిర్ణయించినచో, జ్ఞాపకశక్తితోపాటు వెదకు నేర్పునకును గౌరవము కలుగును. గ్రంథాలయములలో ఆకరగ్రంథములను బీరువాలలో బంధించి తాళము వేయు నాచారము తొలగవలెను. చెదలు తిన్న పుస్తకముకంటె చేతుల నలిగిన పుస్తకము మేలు. ప్రతి యాకరగ్రంథపు లోపలి యట్టపై తొలిముద్రణసంవత్సరము, ఈ ప్రతి ముద్రణసంవత్సరము, క్రమవిధానము మూడు పంక్తులలో వ్రాసి యంటించుట గ్రంథపాలకునకు పెద్దపని కాదు.

అన్నింటికంటె ముఖ్యమైన పని యొకటి కలదు. సూర్యరాయాంధ్రము తొలిసంపుటము వెలువడి తొంబది యేండ్లు కావచ్చుచున్నది. ఆ పిమ్మట పరిష్కృతములైన కావ్యములు, శాసనములు, వచనగ్రంథములు అసంఖ్యాకములు. వానియందలి క్రొత్తపదములను చేర్చు అనుబంధ మావశ్యకము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1983లో రద్దయినది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము మొదలగు సంస్థలు పెద్ద ప్రణాళికలను చేపట్టవలెనని కోరుట న్యాయమే గాని, ఆ సంస్థలు కదలువఱకు చేతులు ముడుచుకొనుట న్యాయము కాదు. తరగతిలో కావ్యమును బోధించు ప్రతి యధ్యాపకునకును నిఘంటువులలో కానరాని పదము, కనబడిన యర్థమునకు లొంగని ప్రయోగము తటస్థపడుచునే యుండును. దానిని చీటీపై వ్రాసి యుంచవలెను. పదము, రూపము, సందర్భముచే తోచిన యర్థము, గ్రంథము, ఆశ్వాసము, పద్యసంఖ్య, ముద్రణసంవత్సరము, ఏయే నిఘంటువులు చూచినదియు అందు గుర్తింపవలెను. ఒక్కొక్క యధ్యాపకుడు సంవత్సరమునకు ఏబది చీటీలు వ్రాసినను, పదుగురు కలసిన అయిదువందలగును. వానిని ఏటేట పత్రికలో ప్రకటించినచో, ఇతర కళాశాలలవారు సవరింపగలరు, చేర్పగలరు. విద్యార్థుల సహాయముతో చేసిన యెడల ఇదియే వారికి ఉత్తమమైన ఆకరగ్రంథబోధనము. కోశమును చదువువాడు కోశనిర్మాణమున పాల్గొనినప్పుడే దాని విలువయు దాని పరిమితియు నతనికి తెలియును.

పండితులు నిఘంటువులను ప్రమాణములుగా భావింతురు. ప్రమాణమును గౌరవించుట యనగా దానిని పరీక్షించి, లోపమున్నచోట పూరించి, తరువాతివారి కందించుట. సీతారామాచార్యులు తమకు ముందున్న కోశములతో తృప్తి చెందియున్నచో శబ్దరత్నాకరము పుట్టెడిది కాదు. శబ్దరత్నాకరముతో తృప్తి చెందియున్నచో సూర్యరాయాంధ్రము పుట్టెడిది కాదు. ఆ పరంపర నేటి యధ్యాపకుల వద్ద ఆగిపోకుండుటకు తొలిమెట్టు, రాబోవు విద్యాసంవత్సరమున తరగతిగది బల్లపై ఒక నిఘంటువు నుంచి దాని పీఠికను పాఠముగా చెప్పుట.